‘అయిపోయింది’ అనే మాట: నర్సులకు పిల్లల యోగా నేర్పిన 8 వారాలు (కేస్ స్టడీ)

నర్సు చేతికి ఒక పట్టు అలవాటైపోయి ఉంటుంది. పిల్లాడి మోచేతి కింద ఒక చెయ్యి, మణికట్టు దగ్గర ఇంకో చెయ్యి, అవసరమైతే మోకాళ్ళ మీద ఇంకొకరి చెయ్యి. క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెట్టాలన్నా, రక్తం తియ్యాలన్నా ఆ పట్టు లేకపోతే కుదరదు. పిల్లాడు కదిలితే సూది పక్కకి పోతుంది, మళ్ళీ గుచ్చాల్సి వస్తుంది. పిల్లల నర్సింగ్ చెప్పే టీచర్‌గా పదిహేనేళ్ళుగా ఆ పట్టు నేర్పిస్తున్నది నేనే. అదే నర్సులు ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం), మేధో వైకల్యం ఉన్న పిల్లలతో యోగా చేయించాలి అనుకున్నప్పుడు మొట్టమొదట అడ్డొచ్చింది ఆ పట్టే. ఆసనాలు నేర్చుకోవడానికి వాళ్ళకి రెండు వారాలు చాలింది. పట్టు వదలడానికి 8 వారాలూ పట్టింది, ఒకరిద్దరికి అదీ సరిపోలేదు.

ఈ రాత ఆ 8 వారాల గురించి. గుంటూరు కొత్తపేటలో, ఆసుపత్రుల సందుల మధ్య, ఒక పిల్లల సెంటర్ మేడ మీది గదిలో జరిగింది. తొమ్మిది మంది నర్సులు, ఆరుగురు పిల్లలు. జనవరి చివర మొదలుపెట్టి మార్చిలో ముగించాం. శనివారం మధ్యాహ్నాలు నర్సులకి రెండు గంటల శిక్షణ, వారం మధ్యలో రెండు రోజులు పిల్లలతో పని. తల్లిదండ్రుల అనుమతితోనే రాస్తున్నాను. పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను, పేర్లు అసలు వాడలేదు.

నర్సులే ఎందుకు

గుంటూరుకి పల్నాడు నుంచి, బాపట్ల వైపు నుంచి కూడా పిల్లల్ని తీసుకొస్తారు. ఒక ముప్పావుగంట థెరపీ కోసం తల్లి రోజు కూలి మానుకుని, రెండు బస్సులు మారి వస్తుంది. స్పీచ్ థెరపిస్టులు, రోజువారీ పనులు అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఉన్నది కొద్దిమంది, వాళ్ళ దగ్గర క్యూ పెద్దది. నర్సు మాత్రం అన్నిచోట్లా ఉంటుంది. వార్డులో, ఓపీలో, టీకాల దగ్గర, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో కూడా. ‘మాటలు ఇంకా రాలేదమ్మా’ అని తల్లి మొదట చెప్పుకునేది చాలాసార్లు నర్సుకే. ‘వాళ్ళ నాన్నకి కూడా ఐదేళ్ళకి వచ్చాయిలే’ అని ఇంట్లోవాళ్ళు కొట్టిపారేసిన మాటని పట్టించుకుని డాక్టరు దాకా తీసుకెళ్ళేది కూడా చాలాసార్లు నర్సే.

యోగా గురించి మొదటి రోజే వాళ్ళకి స్పష్టంగా చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. యోగాతో ఆటిజం తగ్గదు. తగ్గిస్తామని ప్యాకేజీలు అమ్మేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట నమ్మి ఫిట్స్ మందు ఆపేసిన తల్లిదండ్రుల్ని నేను చూశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఈ పిల్లల మీద యోగా గురించి ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు ఎక్కువ భాగం చిన్నవి. చిరాకు కొంత తగ్గడం, కాసేపు కుదురుగా ఉండడం, నిద్ర మెరుగుపడడం లాంటివి వాటిలో కొన్నింట్లో కనిపించాయి. అంతకు మించి చెప్పే హక్కు మనకి లేదు. స్పీచ్ థెరపీ, ప్రత్యేక విద్య, మందులు ఇవన్నీ నడుస్తూనే ఉండాలి. వాటి పక్కన, పిల్లాడికి తన ఒంటితో కాస్త సఖ్యత కుదిర్చే ఒక పని ఇది. నా ఉద్దేశంలో ఆ మాత్రం చాలు, అదే చాలా ఎక్కువ.

మొదటి రెండు శనివారాలు

‘మేం పిల్లల కోసం వచ్చాం మేడం, మాకెందుకివన్నీ?’ అని అడిగారు, మొదటి రోజు పిల్లల్ని తీసుకురాకపోయేసరికి. ముందు మీ ఒళ్ళు, తర్వాతే పిల్లల ఒళ్ళు అన్నాను. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన ఒక అమ్మాయి శవాసనంలో నిద్రపోయింది. లేపలేదు. గంటన్నర పడుకుంది. లేచాక, ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి పగలు ఇంత నిద్ర ఎప్పుడూ పోలేదని చెప్పింది. నర్సుల నడుము నొప్పులు, కాళ్ళ వాపులు, టెన్షన్ గురించి మనం ఎప్పుడు మాట్లాడుకుంటాం కనుక.

రెండో శనివారం చేయించిన ఒక అభ్యాసం గురించి కాస్త వివరంగా రాయాలి. ఇద్దరిద్దరుగా విడదీశాను. ఒకరు వెల్లకిలా పడుకోవాలి. రెండోవాళ్ళు ఏమీ చెప్పకుండా వాళ్ళ చెయ్యి తీసి తలపైకి చాపించాలి, మోకాలు మడిచి పెట్టాలి, పిల్లలకి ఆసనం పెట్టించేటప్పుడు మనం చేసినట్టే. తర్వాత అదే పని, కానీ ముందు చెప్పి, ఒక నిమిషం ఆగి, అరచెయ్యి మెల్లగా ఆనించి, అప్పుడు కదిలించాలి. మొదటిసారి గదిలో నవ్వులే. రెండోసారి నవ్వులు ఆగాయి. మా బ్యాచ్‌లో 22 ఏళ్ళ సర్వీసు ఉన్న పెద్ద సిస్టర్ ఒకావిడ ఉన్నారు, ఇక్కడ ఆవిడని పెద్ద సిస్టర్ అనే అంటాను. ఆవిడ లేచి కూర్చుని భుజం తడుముకుంటూ ‘చెప్పకుండా పట్టుకుంటే నాకు తెలియకుండానే బిగిసిపోయింది మేడం, నాకే ఇలా ఉంటే’ అని ఊరుకున్నారు. వాక్యం పూర్తి చెయ్యలేదు.

అక్కడి నుంచి పని తేలికైంది. పిల్లాడి ఒంటి మీద చెయ్యి వెయ్యాలంటే ముందు చెప్పాలి, వేశాక కదపకుండా ఉంచాలి. బుగ్గ గిల్లడం, వీపు మీద వేళ్ళతో రాయడం మనకి ముద్దు, ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి అది చీమలు పాకినట్టు ఉంటుంది. నిండు అరచెయ్యి నిలకడగా ఆనిస్తే చాలామంది ఓర్చుకుంటారు. ‘కళ్ళు మూసుకో’ అనొద్దు, కళ్ళు మూసుకుంటే భయపడే పిల్లలుంటారు. ‘ఊపిరి పీల్చు, వదులు’ అంటే మాటలు అంతగా అందని పిల్లాడికి అదేమిటో తెలియదు. మడిచిన రుమాలు పొట్ట మీద పెట్టి అది లేవడం, దిగడం చూపిస్తే తెలుస్తుంది. ఆసనాలకి సంస్కృతం పేర్లు మా నోట్సులోనే ఉండిపోయాయి, గదిలో తాటిచెట్టు, పిల్లి, కప్ప, పాము. తాటిచెట్టు చూడని పిల్లాడు గుంటూరు జిల్లాలో ఉండడు కాబట్టి దాని బొమ్మ చూపించాల్సిన పని కూడా పడలేదు.

జాగ్రత్తల పాఠం మాత్రం నర్సులు నాకంటే వేగంగా అందుకున్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో మెడలో పైనున్న రెండు ఎముకల మధ్య వదులు ఉండే అవకాశం ఉంది, అందుకని శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం, పిల్లిమొగ్గలు వద్దు. తలలో షంట్ (మెదడులో చేరిన నీటిని కిందకి మళ్ళించే గొట్టం) ఉన్నవాళ్ళకి తల కిందకి దించే భంగిమలు వద్దు. సెరిబ్రల్ పాల్సీలో (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేని స్థితి) బిగిసిన కండరాన్ని గబుక్కున లాగితే ఇంకా బిగుస్తుంది, మెల్లగానే చెయ్యాలి, తుంటి కీలు సంగతి ముందు డాక్టర్ని అడగాలి. ఫిట్స్ ఉన్నవాళ్ళకి కపాలభాతి, భస్త్రిక లాంటి వేగపు శ్వాసలు అసలు వద్దు. అన్నం తిని రెండు గంటలైనా కాకుండా ఎవరినీ చాప ఎక్కించొద్దు. ఇవన్నీ కేస్ షీట్ లాగా ఒక కాగితం మీదకి తెచ్చింది వాళ్ళే, నేను కాదు.

చిన్నోడు

వాళ్ళమ్మ ‘మా చిన్నోడు’ అంటుంది, నేనూ అలాగే అంటాను. ఐదున్నరేళ్ళు. ఆటిజం అని ఏడాది కిందటే తేల్చారు, సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) కోసం తిరుగుతున్నారు. ఏటుకూరు వైపు నుంచి ఆటోలో వస్తారు. మాటలు నాలుగైదు: బస్సు, నీళ్ళు, వద్దు, ఇంకొకటో రెండో. నాన్న మిర్చి యార్డులో హమాలీ. అంతకు ముందు వర్షాకాలంలో పిల్లాడికి డెంగీ వచ్చి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. నరం దొరక్క రెండు చేతులకీ, పాదానికీ కూడా గుచ్చారు. నలుగురు పట్టుకుంటే గానీ కుదరలేదట. అప్పటి నుంచి నర్సు యూనిఫామ్ కనిపిస్తే చాలు పారిపోతాడు.

మొదటి రోజు మెట్ల మీద మూడో మెట్టు దగ్గర గ్రిల్ పట్టుకుని కూర్చుండిపోయాడు. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. పెద్ద సిస్టర్ పైనుంచి నాలుగు మెట్లు దిగి, ఎంతో ప్రేమగానే, ‘రా నాన్నా, ఏం లేదు, అయిపోతుంది, ఇట్టే అయిపోతుంది’ అన్నారు. వాడు గ్రిల్ వదిలి రోడ్డు మీదకి పరుగెత్తాడు. సందులో బైకులు. వాళ్ళమ్మ వెనకాలే పరుగెత్తి పట్టుకుంది.

ఊపిరి తిరిగాక ఆవిడ చెప్పిన సంగతి ఇది: ‘అయిపోయింది అన్న మాట వింటే చాలు సిస్టర్, ఇల్లు పీకి పందిరేస్తాడు. టీవీ కట్టేస్తూ అన్నా అంతే, స్నానం చేయిస్తూ అన్నా అంతే. ఎందుకో తెలీదు.’

పెద్ద సిస్టర్‌కి తెలిసింది. కాసేపు మాట్లాడకుండా నిలబడి, తర్వాత వాళ్ళమ్మతో అన్నారు: ‘ఆ మాట మేమే చెడగొట్టాం అమ్మా. సూది లోపల ఉండగానే అయిపోయింది, అయిపోయింది అంటాం. అప్పటికి ఏదీ అయిపోదు కదా.’

నేనూ ఆ మాట అన్నదాన్నే. నా విద్యార్థులు అంటుంటే విని, పిల్లల్ని బాగా ఊరడిస్తున్నారని మార్కులు వేసినదాన్ని. మామూలు పిల్లాడు ఆ అబద్ధాన్ని అమ్మ చెప్పే వంద అబద్ధాల్లో కలిపేసుకుని మర్చిపోతాడు. మాటని అక్షరాలా పట్టుకునే పిల్లాడు మర్చిపోడు. వాడికి ‘అయిపోయింది’ అంటే నొప్పి మొదలవుతోందని అర్థం.

ఆ వారం మా తొమ్మిది మందీ, నేనూ ఒక మాట అనుకున్నాం. నిజంగా అయిపోతేనే ‘అయిపోయింది’ అనాలి. అన్న తర్వాత ఇంకేమీ అడగకూడదు, చేయించకూడదు, పిల్లాడు ఎంత ఉత్సాహంగా ఉన్నా సరే. రాసుకోవడానికి తేలిక, పాటించడం కష్టం. పిల్లాడు మొదటిసారి పిల్లిలా వీపు వంచగానే ‘ఇంకొక్కసారి, నాన్నా, ఇంకొక్కసారి, మేడంకి చూపిద్దాం’ అని నోటిదాకా వస్తుంది. ఆ ‘ఇంకొక్కసారి’ని మింగడమే మా శిక్షణలో అన్నిటికన్నా గట్టి ఆసనం.

దానికి తోడు బొమ్మల కార్డులు పెట్టాం. గోడకి అట్ట, అట్ట మీద నాలుగు బొమ్మలు: చాప పరచడం, తాటిచెట్టు, పడుకోవడం, చాప చుట్టడం. ఒక్కోటి పూర్తికాగానే కార్డు వెనక్కి తిప్పాలి. నాలుగోది తిప్పాక ఆ మాట. ఆ మాట తర్వాత చెప్పులు వేసుకుని ఇంటికి.

చాప సంగతి కూడా చెప్పాలి. రబ్బరు యోగా మ్యాట్లు కొన్నాం. వాడు ముక్కు దగ్గర పెట్టుకుని వాంతి చేసుకోబోయాడు. ఇంట్లో దేని మీద పడుకుంటాడని అడిగితే తుంగచాప అన్నారు. పట్నంబజారు నుంచి తుంగచాపలు తెప్పించాం, ఆరుగురు పిల్లల్లో నలుగురికి అవే నచ్చాయి. ‘ఈ చాప మీద సూది ఉండదు’ అనేది రెండో నియమం అయింది. గదిలో చిన్న గాయానికి దూది కూడా పెట్టలేదు, బయటికి తీసుకెళ్ళే పెట్టాం.

మూడో వారం పెద్ద సిస్టర్ మెట్ల మధ్య చదునుగా ఉన్న చోట చాప వేసుకుని, చుడీదార్‌లో, వెల్లకిలా పడుకున్నారు. వాడి వైపు చూడలేదు, పిలవలేదు. ఆ వయసులో, ఆ ఎండలో, మెట్ల మీద ఇరవై నిమిషాలు. వాడు ఐదు మెట్ల కింద కూర్చుని చూపుడు వేలు చెవి దగ్గర పెట్టుకుని ‘మ్మ్...’ అని తనలో తాను ఒక మోత చేస్తున్నాడు. అది వాడి అలవాటు. వాళ్ళమ్మని అందరూ ఆ అలవాటు మాన్పించమనే చెప్పారు. సిస్టర్ కళ్ళు పైకప్పు వైపే ఉంచి అదే శ్రుతిలో ‘మ్మ్...’ అన్నారు. వాడు ఆగాడు. ఆవిడా ఆగారు. వాడు మళ్ళీ మొదలుపెట్టాడు, ఆవిడా మొదలుపెట్టారు. ఆరేడుసార్లు అలా నడిచాక వాడు ఒక మెట్టు పైకి జరిగాడు. పుస్తకంలో దాన్ని భ్రామరి అంటారు, తుమ్మెదలా మోత చేస్తూ ఊపిరి వదలడం. మేం వాడికి నేర్పలేదు, వాడి దగ్గరున్నది మేం నేర్చుకున్నాం.

యూనిఫామ్ మీద మాలో మాకు వాదన వచ్చింది. ఎప్పటికీ మామూలు బట్టల్లోనే చేద్దామని సగం మంది అన్నారు. బ్యాచ్‌లో అందరికన్నా చిన్నదైన సిస్టర్ ఒప్పుకోలేదు. ‘అప్పుడు వాడు మనల్ని నమ్ముతాడు గానీ యూనిఫామ్‌ని కాదు కదా మేడం. మళ్ళీ జ్వరం వచ్చి వార్డుకి వస్తే వాడి గతేంటి?’ అంది. ఆ మాటే నెగ్గింది. నాలుగో వారం యూనిఫామ్ కోటు గోడకున్న మేకుకి వేలాడింది. ఐదో వారం మడిచి పెద్ద సిస్టర్ ఒళ్ళో ఉంది. వాడు దాని గుండీలు లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటే తడిమాడు. ఆరో వారం ఆవిడ తొడుక్కున్నారు. వాడు ఒకసారి చూసి, తుంగచాప అంచున ఊడిన పోగు లాగడంలో మునిగిపోయాడు.

వాళ్ళ నాన్న ఒక రోజు యార్డు నుంచి నేరుగా వచ్చాడు. మార్చి నెల, సీజన్ మీదుంది. ఆయన గుమ్మంలోకి రాగానే మాకందరికీ తుమ్ములు. చిన్నోడు మూలకి పోయి ముఖం గోడకి ఆనించేశాడు. ‘నా దగ్గరికి రాడమ్మా, నేనంటే ఇష్టం లేదు వాడికి’ అన్నాడాయన, బాధగా. చిన్న సిస్టర్ ఆయన్ని పక్కకి పిలిచి, ‘ఇష్టం లేక కాదు బాబాయ్, ఘాటుకి. స్నానం చేసి బట్టలు మార్చుకుని దగ్గరికెళ్ళి చూడండి’ అంది. తర్వాతి వారం ఆయన తడి తలతో వచ్చాడు. కొడుకు పక్కన చాప మీద పడుకున్నాడు. ఇది యోగా కిందకి వస్తుందో రాదో గానీ, నర్సింగ్ కిందకి తప్పకుండా వస్తుంది.

నా వల్ల జరిగిన తప్పు

ఇంకో పాప, ఏడేళ్ళు, రెండో తరగతి. క్లాసులో ధ్యాస లేదని, పిలిస్తే పలకదని, ఏడీహెచ్‌డీ ఏమో చూడమని పంపారు. మాటలు, నడక అన్నీ బాగున్నాయి. మా కాగితంలో ‘ఫిట్స్ ఉన్నాయా?’ అన్న ప్రశ్నకి వాళ్ళమ్మ లేవంది.

శ్వాస కోసం నేను రంగుకాగితాల గాలిమరలు చేయించాను. పాపకి అది తెగ నచ్చింది. ఊదుతూనే ఉంది, నేను పక్కన కూర్చుని ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అంటున్నాను. ‘ఇంకొక్కసారి’ అనొద్దని అందరికీ చెప్పిన దాన్నే. రెండు నిమిషాలు దాటి ఉంటుంది. చిన్న సిస్టర్ ‘మేడం, ఆపండి’ అంది. పాప చేతిలో గాలిమర కొద్దిగా వాలింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. రెప్పలు సన్నగా కొట్టుకుంటున్నాయి. సిస్టర్ అప్పటికే చేతి గడియారం చూస్తోంది. 9 సెకన్లు. తర్వాత పాప ఏమీ జరగనట్టు గాలిమర పైకెత్తి మళ్ళీ ఊదబోయింది.

గబగబా, లోతుగా ఊపిరి తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఆబ్సెన్స్ రకం ఫిట్స్ (కిందపడకుండా, కొన్ని క్షణాలు స్పృహ తప్పి చూపు నిలిచిపోయేవి) ఉన్న పిల్లల్లో అది ఫిట్‌ని బయటికి తెస్తుంది. ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) తీసేటప్పుడు పిల్లల చేత కావాలనే మూడు నిమిషాలు అలా ఊపిరి తీయించేది అందుకే. ఆ సంగతి నేను క్లాసులో చెప్పేదే. కపాలభాతి వద్దని కాగితం మీద రాసుకుని, అదే పనిని గాలిమర రూపంలో ఏడేళ్ళ పాప చేత నేనే చేయించాను. న్యూరాలజిస్టు దగ్గరికి పంపాం, ఈఈజీలో తేలింది, మందు మొదలుపెట్టారు. పిలిచినా పలకని ఆ క్షణాల్లో కొన్ని ధ్యాస లేక కాదు, ఫిట్ వల్ల. ఏడీహెచ్‌డీ కూడా ఉందో లేదో మందు కుదిరాక మళ్ళీ చూస్తామన్నారు.

వాళ్ళమ్మ అబద్ధం చెప్పలేదు. మన ఊళ్ళో ఫిట్స్ అంటే కిందపడి కొట్టుకోవడం, నోట్లో నురగ. అది ఆవిడ ఎప్పుడూ చూడలేదు. తప్పు ప్రశ్నది. ఆ రోజే మార్చాం. ఇప్పుడు ఇలా అడుగుతాం: ‘అన్నం తింటూనో, మాట్లాడుతూనో ఉన్నట్టుండి బొమ్మలా ఆగిపోయి, మళ్ళీ తనంతట తనే మొదలుపెట్టడం ఎప్పుడైనా చూశారా?’ గాలిమరలు తీసేశాం. ఒక ఊదు, తర్వాత ఐదు లెక్కపెట్టేంత విరామం, మళ్ళీ ఒకటి, అంతే, అదీ ఈ ప్రశ్నకి లేదు అన్నవాళ్ళకే. మిగతావాళ్ళకి సాగదీసే మోత శ్వాస చాలు. ఇలాంటి పని ఎవరు మొదలుపెట్టినా ఈ ఒక్క ప్రశ్న మాత్రం మా దగ్గర తీసుకోమని చేతులు జోడించి అడుగుతున్నాను.

అందరూ నన్ను ఓదార్చారు, ఫిట్స్ బయటపడ్డాయి కదా, మంచిదే అయిందని. నేను ఒప్పుకోను. బయటపెట్టింది చిన్న సిస్టర్ చూపు. పక్కన యోగా టీచర్ మాత్రమే ఉండి ఉంటే పాప అలసిపోయిందనుకుని నీళ్ళు తాగించి మళ్ళీ ఊదించేవాళ్ళు. ఈ పనికి నర్సులు కావాలని నేననడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

కుదరనివి

ఆరుగురు పిల్లల్నీ కలిపి ఒకేసారి చేయించాలని చూశాం, రెండుసార్లూ కుదరలేదు. ఒకరు ఏడిస్తే మిగతావాళ్ళు అందుకున్నారు, ఫ్యాన్ చప్పుడు ఒకరికి పడదు, ఫ్యాన్ లేకపోతే అందరికీ ఉక్క. ఇద్దరేసి పిల్లలు, ఇద్దరేసి సిస్టర్లు, అంతకు మించి వద్దని తేలింది.

డ్యూటీ మార్పులు మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టాయి. తొమ్మిది మందిలో ఇద్దరిని వాళ్ళు పనిచేసే ఆసుపత్రి మధ్యలో ఐసీయూకి మార్చింది, వాళ్ళు మళ్ళీ రాలేకపోయారు. వాళ్ళలో ఒకరికి అలవాటైన పిల్లాడు రెండు వారాల పాటు గుమ్మం దగ్గర ఆ సిస్టర్ కోసం చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. మొదటి రోజు నుంచే ఒక్కో పిల్లాడికి ఇద్దరు సిస్టర్లని అలవాటు చెయ్యాల్సింది. శిక్షణకి పంపినవాళ్ళని శిక్షణ పూర్తయ్యేదాకా కదపకూడదన్న మాట మేనేజ్‌మెంట్లతో ముందే రాయించుకోవాలి. రాయించుకోకపోవడం నా లోపం.

పట్టు వదల్లేకపోయిన ఒక సిస్టర్ సంగతి కూడా రాయాలి, ఆవిడ తనే రాయమన్నారు. చివరి వారంలో కూడా పిల్లాడి మోకాలు సరిగ్గా మడవలేదంటే చెయ్యి ముందుకెళ్ళిపోయేది. ‘తెలుస్తోంది మేడం, కానీ చెయ్యి ఆగట్లేదు’ అనేవారు. ఆవిడకి పిల్లలతో కాకుండా తల్లులతో పని ఇచ్చాం. పిల్లలు లోపలుండగా బయట కూర్చున్న తల్లులకి మెడ, భుజాలు వదులు చేసుకోవడం నేర్పించారు. ఆ ఇరవై నిమిషాల కోసమే తొందరగా వచ్చే తల్లులు ఇప్పుడు ఉన్నారు.

జూన్ 21 యోగా దినోత్సవానికి ఈ పిల్లల చేత వేదిక మీద ఆసనాలు వేయించమని ఒకరు అడిగారు. మైకులు, జనం, ఫొటోలు. వద్దన్నాను.

లెక్కలు

బరువులు, బీపీలు రాసే అలవాటున్నవాళ్ళు కాబట్టి నర్సుల రికార్డు చక్కగా ఉంది. ముందు రోజు నిద్ర ఎంత, చాప మీద ఎంతసేపు, ముగించింది ఎవరు, మేమా, పిల్లాడా. నేను అన్నిటికన్నా విలువిచ్చేది ఆ చివరి గడికి. మొదటి రెండు వారాల్లో దాదాపు ప్రతిసారీ ఏడ్చో, పారిపోయో పిల్లలే ముగించారు. చివరి రెండు వారాల్లో ఎక్కువసార్లు కార్డే ముగించింది. చిన్నోడు చాప మీద గరిష్ఠంగా ఉన్నది 4 నిమిషాలు. కొత్త మాట ఒక్కటీ రాలేదు. నిద్ర బాగుందని వాళ్ళమ్మ అంది, కానీ ఆ నెలలోనే మధ్యాహ్నం పడుకోబెట్టడం మానేశారు, స్పీచ్ థెరపీ కూడా నడుస్తోంది, కాబట్టి అది యోగా వల్లనే అని నేను రాయను. ఆరుగురు పిల్లలు, పోల్చి చూడడానికి ఇంకో గుంపు లేదు. మా అనుభవం చెబుతున్నాను, రుజువు అనడం లేదు.

ఏడో వారం పిల్లల డాక్టరు చిన్నోడికి రక్తపరీక్ష రాశారు. మేడ మీది గదిలో కాదు, కింద ల్యాబ్‌లో. గుచ్చింది వేరే సిస్టర్, పెద్ద సిస్టర్ పక్కనున్నారు. నాలుగు కార్డులు: పట్టీ కట్టడం, దూది, సూది, ప్లాస్టర్. సూది కార్డు దగ్గర ఆవిడ అబద్ధమాడలేదు. ‘నొప్పి పుడుతుంది నాన్నా. ఐదు లెక్కపెడదాం’ అన్నారు. ఏడ్చాడు. ఒకసారి చెయ్యి లాక్కున్నాడు. మళ్ళీ ఇచ్చాడని అనను, వాళ్ళమ్మ ఒడిలో కూర్చోబెట్టుకుని ఒక చెయ్యి పట్టుకుంది, సిస్టర్ ఇంకోటి ఆనించి ఉంచారు, ‘మ్మ్...’ అని మోత మొదలుపెట్టారు. డెంగీ అప్పుడు నలుగురు పట్టుకున్న పిల్లాడు. ప్లాస్టర్ కార్డు వాడే తిప్పాడు. అప్పుడు ఆవిడ ‘అయిపోయింది’ అన్నారు. వాడు పరుగెత్తలేదు, వాళ్ళమ్మ చీర కొంగుతో ముక్కు తుడుచుకున్నాడు.

రెండో బ్యాచ్‌లో పదకొండు మంది ఉన్నారు. గుంటూరు ఎండలకి మధ్యాహ్నాలు కుదరక పొద్దున ఎనిమిదికి మార్చాం. మొదటి శనివారం పాఠం పెద్ద సిస్టరే చెబుతున్నారు, నేను వెనక కూర్చుంటున్నాను. చిన్నోడు పదిహేను రోజులకోసారి వస్తున్నాడు. యూనిఫామ్‌లో ఉన్న సిస్టర్ చాప పరిచేటప్పుడు ఒక కొస వాడు పట్టుకుంటున్నాడు.